సిగ్నలు రాయి

మెళియాపుట్టిలో బస్సు దిగి
సాలంగూడ ఎంత దూరమని ఎవరినడిగినా
మైళ్ళలో చెప్పరు.
"రెండు చుట్టలు కాలినంత" అన్నాడొకాయన,
"బరువుంటే మూడు."
నా నెత్తిమీద మోపులేమీ లేవు.
సంచిలో వేలిముద్రల మిషను,
పేర్ల పుస్తకం, ఆకులో కట్టిన పెరుగన్నం.

మూడో గెడ్డ దాటేక
రోడ్డు ఒక బోర్డు దగ్గర ఆగిపోయింది.
బోర్డుమీద
రోడ్డు పూర్తయిన తారీకు రాసుంది.
దాని కాలికి ఎవరో మేకని కట్టేరు.

పంతొమ్మిది ఇళ్ళు, ఒకే అరుగు.
చివరింటి దగ్గు
గోడలు పట్టుకుని మొదటింటిదాకా నడిచొస్తుంది.
కుళాయి ఉంది.
గొట్టాన్ని ఎలుగుబంటి కొరికేసిందని ఒకరు,
కంట్రాక్టరు కొరికేసేడని ఇంకొకరు.
ఇద్దరూ నాకు నీళ్ళిచ్చేరు,
ఊటగెడ్డవి, కుండలో పాచివాసనతో.

మిషను ఊళ్ళో పలకదు.
అందరం నడిచేం సిగ్నలు రాయి దగ్గరికి.
పొయ్యిమీంచి దించిన అట్టికలాంటి నల్లబండ,
పనికొచ్చేది దానిమీద జానెడు చోటే.
కుర్రాళ్ళు సున్నంతో గుండ్రంగా గీసిపెట్టేరు.
మొన్న ఆషాఢంలో
ఆ గీతలో నిలబడే ఫోను చేసేడట గాసయ్య
కూతురికి నొప్పులొస్తే.
"దగ్గర్లో గుర్తేదైనా చెప్పండి" అందట అవతలి గొంతు.
"రాయి" అన్నాడట.
ఏ రాయని అడిగేలోపు
గాలి మారింది, లైను పోయింది.
డోలీ కట్టేరు.
గెడ్డ ఒడ్డునే పుట్టిన పిల్ల, పేరు గెడ్డమ్మ,
ఇప్పుడు పాక్కుంటూ వచ్చి
నా ఎడమ చెప్పు వారు నములుతోంది.

సొంబరమ్మ వంతు.
కొండచీపుర్లు కోసి కోసి
వేళ్ళమీద గీతలు అరిగిపోయేయి.
ఎర్రలైటు. సరిపోలలేదు.
కోకకి తుడుచుకుంది. ఉమ్మి రాసింది.
చింతపండు పిసికి రుద్దింది.
ఎడమ బొటనవేలు, కుడి చూపుడువేలు,
ఆఖరికి చిటికెనవేలు కూడా.
ఎవరూ అయ్యో అనలేదు, తలో సలహా చెప్పేరు.
నేను రూలు చెప్పేను,
నాక్కూడా వినబడనంత మెల్లగా.
"నీకు నాను అగుపడతన్నానా బాబూ?"
"అగుపడతన్నావమ్మా. దీనికే..."
"అయితే దాని కంటికే పొర కమ్మీసింది" అని
పళ్ళులేని నోటితో నవ్వింది.
బ్యాటరీ రెండు గీతలకి దిగింది.
పక్కవాళ్ళని పిలిచేను.

పొద్దు వాలేక
తనింటి అరుగుమీదే కూచోబెట్టి
చోడంబలి పోసింది, ఉల్లిపాయ నంజుకి.
లోపలి గోడ ఎర్రమన్ను.
దానిమీద బియ్యప్పిండి బొమ్మలు:
నెమళ్ళు, నిచ్చెన, గుర్రమెక్కినవాడు,
కిందిమూల ఇద్దరు మోస్తున్న డోలీ.
దాని పక్కన
ఇంకా తడారని మనిషొకడు.
భుజాన సంచి, చేతిలో పలకలాంటిది.
ముక్కు కొంచెం పొడుగ్గా వేసేరు గానీ
నేనే.

"ఇవి పోయినోళ్ళ కోసం వేస్తారు కదమ్మా?"
"ఔను మరి."
"నేనెందుకు?"
గ్లాసులో ఇంకాస్త అంబలి వంచింది.
"బియ్యం ఏటి దగ్గిర ఆగిపోయిందో
ఆళ్ళకి తెలవాల కదేటి."

పిండి గిన్నె గడపవతల ఉంది.
కోడిపిల్ల అందులో తలపెట్టి
తెల్లటి ముక్కుతో పారిపోయింది.

ఆవిడ పేరు ఎదురుగా పెన్సిలుతో సున్నా చుట్టి
పుస్తకం మూసేను.
గెడ్డమ్మ చెప్పు వదల్లేదు,
నేనూ గట్టిగా లాగలేదు.
ఒంటి చెప్పుతో దిగేను,
ఎన్ని చుట్టలు కాలేయో లెక్కపెట్టకుండా.

మూడో గెడ్డ ఒడ్డున బురదలో
నా ఎడమ బొటనవేలి ముద్ర పడింది,
గీతలన్నీ శుభ్రంగా.
ఒంగి చూస్తున్నాను.
బోర్డు దగ్గర కట్టు తెంపుకున్న మేక
దాన్ని తొక్కుకుంటూ ఊళ్ళోకి పోయింది.